ఒకే రబ్బరు, మూడు పలుకులు: మన ఇళ్లలో ఒక మాట సంగతి

బడులు తెరిచే రోజులు. రాయగడ బజారులో ఒక కొట్టు ముందు నాయనమ్మ, కోడలు, మనవడు నిలబడ్డారనుకుందాం. పిల్లాడు కొట్టాయనను ఒడియాలో "రబర" అడుగుతాడు. తల్లి "వీడికొక మంచి రబ్బరు ఇవ్వండి" అంటుంది. నాయనమ్మ వెనకనుంచి "కుక్కరు లబ్బరు కూడా ఒకటి ఇయ్యి బాబూ, మూత దగ్గర ఆవిరంతా పోతోంది" అంటుంది. కొట్టాయన పెన్సిలు గీతలు చెరిపే తెల్లటి ముక్క ఒకటి, కుక్కరు మూతకు వేసే నల్లటి చుట్టు ఒకటి తీసి, రెంటినీ పొట్లం కట్టి, పొట్లానికి రబ్బరు బ్యాండు తగిలించి చేతిలో పెడతాడు.

మాట ఒక్కటే. పలికిన తీరు మూడు రకాలు. చేతికొచ్చిన వస్తువులు మూడు. ఎవరూ ఎవరినీ "ఏమన్నారు?" అని అడగలేదు.

కోరాపుట్, రాయగడ జిల్లాల్లో తరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఇది రోజూ జరిగేదే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, ఉద్యోగంలో ఇంగ్లిష్. ఒకే మాట ఈ నాలుగు ఇళ్లూ తిరిగి వస్తుంటుంది. అలాంటి మాటల్లో రబ్బరు ఒకటి. దీనికి ఎన్ని అర్థాలున్నాయి, ఎక్కడినుంచి వచ్చింది, మన నోట్లో ఏ రూపం దిద్దుకుంది అని చూస్తూ పోతే, చివరకు మన ఇళ్లలో తెలుగు ఏ స్థితిలో ఉందో కూడా కొంత తెలుస్తుంది.

ముందు చెరిపే ముక్క, తర్వాతే పదార్థం

రబ్బరంటే ముందు చెట్టు, దాని పాలు, ఆ తర్వాత దానితో చేసిన వస్తువులు అనుకుంటాం. మాట పుట్టుక మాత్రం తిరగేసి ఉంది. ఇంగ్లిష్‌లో 'రబ్' అంటే రుద్దడం. రుద్దేది ఏదైనా 'రబ్బర్'. ఈ పదార్థం ఇంగ్లండుకు చేరకముందే రుద్దే గుడ్డను, బ్రష్షును ఆ పేరుతో పిలిచేవారు.

1770లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్త చిత్రలేఖనం మీద ఒక పుస్తకం రాశాడు. ఆక్సిజన్ పాఠంలో మనం పేరు చదువుకున్న ప్రీస్ట్‌లీయే ఈయన. పెన్సిలు గీతలను కాగితం మీదనుంచి చక్కగా తుడిచే ఒక పదార్థం తన కంట పడిందని ఆ పుస్తకంలో చెప్పాడు. లండన్‌లో ఎడ్వర్డ్ నైర్న్ అనే పరికరాల తయారీదారు సుమారు అరంగుళం ఘనపు ముక్కను మూడు షిల్లింగులకు అమ్మేవాడు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. అంతకుముందు గీతలు చెరపడానికి రొట్టె ముక్కలు వాడేవారు.

అంటే మన పిల్లాడు బడికి తీసుకెళ్లే రబ్బరే ఈ పదార్థానికి పేరు పెట్టింది. రుద్దే పని నుంచి రుద్దే ముక్కకు, ముక్క నుంచి పదార్థానికి, పదార్థం నుంచి చెట్టుకు పేరు పాకింది. అమెరికా ఖండం నుంచి వచ్చింది కాబట్టి చాలాకాలం దాన్ని 'ఇండియా రబ్బర్' అన్నారు. ఆ 'ఇండియా' మన దేశం కాదు. కొలంబస్ పొరపాటున అక్కడి మూలవాసులకు అంటగట్టిన పేరది.

ఆ మూలవాసులకు మాత్రం ఇది కొత్త వస్తువేమీ కాదు. మూడు వేల ఏళ్లకు పైగానే మెక్సికో ప్రాంతంలో రబ్బరు బంతులతో ఆడేవారు. అక్కడి ప్రాచీన జాతికి మనం చరిత్ర పుస్తకాల్లో వాడే 'ఒల్మెక్' అన్న పేరుకు అర్థమే 'రబ్బరు దేశపు మనుషులు'.

పచ్చి రబ్బరుతో ఒక చిక్కుండేది. ఎండకు జిగురుగా కరిగేది, చలికి పెళుసై విరిగేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడి చేస్తే గట్టిపడి, సాగి, మళ్లీ యథాస్థితికి వస్తుందని కనిపెట్టాడు. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరు మీద ఆ ప్రక్రియకు 'వల్కనైజేషన్' అని పేరు పడింది. రోడ్డు పక్కన పంచరు షాపుల బోర్డుల మీద 'వల్కనైజింగ్' అని రాసి ఉండేది ఇదే. రోమన్ దేవుడి పేరు మన ఘాట్ రోడ్డు దాకా వచ్చి టైర్ల మధ్య కూర్చుంది.

రబ్బరు, లబ్బరు, రబర

ఇప్పుడు పలుకుబడి చూద్దాం. ఇంగ్లిష్ మాట 'రబర్' అన్నట్టుగా వినిపిస్తుంది. మనం 'రబ్బరు' అంటాం. ఇందులో మన భాష రెండు పనులు చేసింది.

మొదటిది, చివర ఉకారం చేర్చింది. తెలుగు అజంత భాష, అంటే మాట అచ్చుతో ముగియడం దాని స్వభావం. హల్లుతో ఆగిపోయే పరాయి మాట వస్తే చివర ఉ చేర్చి మనదాన్ని చేసుకుంటాం: బస్సు, కారు, టైరు, పెన్ను, బెల్టు.

రెండోది, బకారానికి ఒత్తు ఇచ్చింది. ఇంగ్లిష్ రాతలో రెండు బీలు ఉన్నాయి కదా, అందుకే ఒత్తు వచ్చిందనిపించవచ్చు. బస్, పెన్, పిన్, కప్ మాటల రాతలో చివరి హల్లు ఒక్కటే. అయినా మనం బస్సు, పెన్ను, పిన్ను, కప్పు అంటాం. ముందున్న అచ్చు హ్రస్వమైతే తర్వాతి హల్లును ఒత్తి పలకడం మన నోటికి అలవాటు. దీర్ఘమైతే ఒత్తు రాదు: గేటు, బూటు, ట్యూబు, మీటరు. షట్టరు, కట్టరు, రబ్బరు ఒక వరస. మీటరు, లీటరు, టైలరు ఇంకో వరస. ఈ లెక్క మనకు ఎవరూ బళ్లో నేర్పలేదు. అమ్మ ఒళ్లోనే వచ్చేసింది.

నాయనమ్మ 'లబ్బరు' అంటే పిల్లలు నవ్వుతారు. నవ్వాల్సిందేమీ లేదు. ఒకే మాటలో రెండు రకారాలు దగ్గర దగ్గరగా వస్తే, ఒకదాన్ని లకారంగా మార్చి పలకడం చాలా భాషల్లో ఉన్నదే. అది నాలుకకు సుళువు. నంబరును 'లంబరు' అన్న పెద్దలు కూడా మనకు తెలుసు. 'లబ్బరు బొమ్మ' అన్నది ఉత్తరాంధ్రలోనే కాదు, తెలంగాణలోనూ వినిపించే మాటే. చదువురాని తప్పుగా దాన్ని చూడనక్కర్లేదు. ఆ మాట చాలాకాలంగా జనం నోళ్లలో నలిగి నునుపెక్కిందనడానికి అది గుర్తు.

ఒడియాలో ర, బ, ర మూడు అక్షరాలే. ఒత్తు లేదు. ఒడియా కూడా మాటను అచ్చుతోనే ముగిస్తుంది, కానీ ఆ అచ్చు ఉకారం కాదు. అక్కడి అకారం కొంత ఒకారంలా వినిపిస్తుంది కాబట్టి చెవికి 'రొబొరొ'కు దగ్గరగా ఉంటుంది. హిందీలో చివరి రకారం డకారం వైపు వంగి 'రబడ్' అయింది. తమిళం, కన్నడం, మలయాళం మనలాగే బకారాన్ని ఒత్తుతాయి, కానీ చివర ఉకారం చేర్చకుండా 'రబ్బర్' దగ్గర ఆగుతాయి. ఒత్తూ, ఉకారమూ రెండూ ఉన్న రబ్బరు మన తెలుగువాళ్లదే.

ఒక చిన్న విశేషం. ఫిజిక్స్ పుస్తకంలో సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణాన్ని తెలుగులో 'స్థితిస్థాపకత' అంటారు. ఒడియా పుస్తకంలోనూ అదే మాట. సంస్కృతం నుంచి రెండు భాషలూ తెచ్చుకున్నాయి. ఉక్కుకు రబ్బరు కంటే స్థితిస్థాపకత ఎక్కువ అనే పాఠం రెండు మాధ్యమాల పిల్లలూ ఒకే మాటతో చదువుతారు. అంత పెద్ద మాట దగ్గర తేడా లేదు. తేడా అంతా రోజూ చేతిలో ఉండే చిన్న మాట దగ్గరే.

ఇంటి నుంచి గని దాకా

మన వాడుకలో రబ్బరు వట్టి పదార్థం పేరుగా మిగల్లేదు. ఏ మాట పక్కన నిలబడితే ఆ పని పేరవుతుంది.

వంటింట్లో 'కుక్కరు రబ్బరు' అంటే మూత చుట్టూ ఉండే గాస్కెట్టు. అది గట్టిపడినా, పగిలినా ఆవిరి నిలవదు, పప్పు ఉడకదు. అలాంటప్పుడు దాన్ని లాగి సాగదీసి వాడుకోవడం కంటే మార్చడం మేలు. గ్యాసు పొయ్యికి వచ్చే పైపును కూడా చాలామంది 'గ్యాసు రబ్బరు' అంటారు. ఐఎస్ఐ గుర్తున్న గొట్టమే వాడాలి, అయిదేళ్లకోసారి మార్చాలి. ఈ రెండు రబ్బర్ల విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు.

ఆడపిల్లల జడకు రబ్బరు బ్యాండు, కాలికి రబ్బరు చెప్పులు, చేతికి జాతరలో కొన్న రబ్బరు గాజులు, పిల్లల ఆటకు రబ్బరు బంతి. పాత సైకిలు ట్యూబు ముక్క పంగల కర్రకు కడితే పిట్టల వైపు గురిపెట్టే ఆయుధం, సైకిలు వెనక మూటకు చుడితే తాడు. పాత టైరు కోసి చెప్పులు చేస్తారు, బావిలో వేసే చేద చేస్తారు. పంచరు షాపులో 'సొల్యూషను' రాసి అతికించే ముక్కా రబ్బరే.

బాలింత మంచం మీద పరిచే రబ్బరు షీటును మన ఆసుపత్రుల్లో నర్సులు 'మెకిన్‌టాష్' అంటారు. అది ఒక మనిషి పేరు. స్కాట్లండు వాడైన చార్లెస్ మెకిన్‌టాష్ 1823లో రెండు గుడ్డల మధ్య కరిగించిన రబ్బరు పూసి తడవని బట్ట తయారుచేసి పేటెంటు తీసుకున్నాడు. వానకోటుకు అతని పేరు పడింది. అక్కడి వానకోటు మాట ఇక్కడ పసిబిడ్డ పక్కగుడ్డ అయింది.

రోడ్డెక్కితే టైరు. సాలూరు లారీల ఊరని మనందరికీ తెలుసు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సిమిలిగుడ మీదుగా కోరాపుట్ చేరే రోడ్డు మీద బతుకు గడిపిన డ్రైవర్లు, క్లీనర్లు, లారీ యజమానులు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల మాటల్లో 'రబ్బరు పోయింది' అంటే టైరు పై పొర అరిగిపోయిందని అర్థం. అరిగిన టైరు మీద కొత్త పొర అతికించి మళ్లీ వాడతారు. బరువు మోసే లారీ టైర్లలో చెట్టు నుంచి వచ్చిన సహజ రబ్బరు వాటా ఎక్కువ, కారు టైర్లలో కర్మాగారంలో తయారయ్యే కృత్రిమ రబ్బరు వాటా ఎక్కువ. ఎక్కువ బరువుకు, ఎక్కువ వేడికి ఓర్చుకోవడంలో సహజ రబ్బరుదే పైచేయి. ఘాట్ దిగేటప్పుడు పాత డ్రైవర్లు చిన్న గేరులో దిగమనడానికి ఒక కారణం ఇదే. బ్రేకు అదేపనిగా తొక్కితే డ్రమ్ము కాగి, ఆ వేడి టైరుకూ తగులుతుంది.

మన ప్రాంతంలో అన్నిటికంటే పొడవైన రబ్బరు దామన్‌జోడిలో ఉంది. నాల్కో సంస్థ పంచపట్‌మాలి కొండ మీద తవ్విన బాక్సైటును కింద అల్యూమినా శుద్ధి కర్మాగారానికి చేరవేసే కన్వేయరు బెల్టు 14.6 కిలోమీటర్లు సాగుతుంది. ఉక్కు తాళ్ల ఆధారంతో, మలుపులు తిరుగుతూ, మధ్యలో సరుకును ఎక్కడా ఇంకో బెల్టు మీదకు మార్చకుండా నడిచే బెల్టు అది. పిల్లాడి పెన్సిలు డబ్బాలోని ముక్కదీ ఆ బెల్టుదీ ఒకే ఇంటిపేరు.

ఇంటిపేరు ఒకటే అయినా వంశం ఒకటి కాకపోవచ్చు. ఈరోజు కొట్టులో దొరికే తెల్లటి రబ్బర్లలో చాలావాటిలో రబ్బరు ఉండదు, అవి ఒకరకం ప్లాస్టిక్కు. హవాయి చెప్పుల్లో కొన్ని రబ్బరులా ఉండే నురగ పదార్థంతో చేసినవే. కుక్కరు చుట్టుల్లో సిలికాన్‌వి వచ్చాయి. పదార్థం మారింది, పేరు నిలిచింది. కుండీల్లో పెంచుకునే దళసరి ఆకుల 'రబ్బరు మొక్క' కూడా వేరే చెట్టే. అది మర్రి కుటుంబానికి చెందింది. టైర్లకు పాలిచ్చే చెట్టు బ్రెజిల్ నుంచి వచ్చింది. 1876లో హెన్రీ విక్‌హామ్ అక్కడినుంచి సుమారు 70,000 విత్తనాలు లండన్‌కు చేర్చాడు. అక్కడ మొలిచిన మొక్కలను శ్రీలంకకు, ఆగ్నేయాసియాకు పంపారు. మన దేశంలో 1902లో కేరళలోని తట్టేకాడు దగ్గర వాణిజ్య తోట మొదలైంది. ఆ చెట్టుకు ఏడాది పొడుగునా వేడి, తేమ కావాలి. మూడు వేల అడుగుల ఎత్తున, శీతాకాలంలో వణికించే కోరాపుట్ పీఠభూమి దానికి నప్పదు. అందుకే మన కొండల మీద కాఫీ కనిపిస్తుంది, రబ్బరు తోట కనిపించదు.

రబ్బరు స్టాంపు అంటే ఎవరు?

పదార్థం నుంచి మనుషుల మీదకు పాకిన అర్థాలు కూడా ఉన్నాయి. ఇడ్లీ సరిగ్గా పొంగకపోతే 'రబ్బరులా సాగుతోంది' అంటాం. ముగియని టీవీ సీరియలునూ, తెగని పంచాయితీనీ అదే మాట అంటాం. వీటన్నిటికంటే బరువైన మాట 'రబ్బరు స్టాంపు'.

ఆఫీసు బల్ల మీద అది చిన్న సీలు. ఆదాయం, నివాసం, కులం, ఏ సర్టిఫికెట్టు కావాలన్నా దాని ముద్ర పడాలి. ఒడియాలో 'మొహర' అంటారు. మన పాత దస్తావేజుల్లో కనిపించే 'మొహరు' కూడా అదే మాట, రెండూ పారశీకం నుంచి వచ్చినవే. మనిషిని రబ్బరు స్టాంపు అంటే మాత్రం తిట్టే. తనకంటూ నిర్ణయం లేకుండా వేరేవాళ్లు చెప్పినదానికి ముద్ర వేసేవాడని. భార్య సర్పంచ్, పెత్తనం భర్తది అయినచోట ఈ మాట తరచూ వినిపిస్తుంది.

ఈ మాటకు పూర్తి వ్యతిరేకంగా నిలిచిన ఉదాహరణ మన రాయగడ జిల్లాలోనే ఉంది. నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వాలా వద్దా అన్న విషయంలో, అక్కడివాళ్ల మత, సాంస్కృతిక హక్కులకు సంబంధించిన ప్రశ్నలను గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు ఇచ్చింది. రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తం 12 గ్రామాల్లో ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో సభలు జరిగాయి. పన్నెండింటికి పన్నెండూ వద్దన్నాయి. డొంగ్రియా కొంధు ఊళ్లు రబ్బరు స్టాంపులు కాలేదు. మాట్లాడింది తమ భాషలోనే. మనకు పొరుగునే ఉన్న ఆ కొండల సంగతి మన పిల్లలకు ఈ మాట నేర్పేటప్పుడు చెప్పదగ్గది.

ఊరు మారితే జాగ్రత్త

మన పిల్లలు చాలామంది ఇప్పుడు విశాఖ, హైదరాబాదు దాటి అమెరికా వెళ్తున్నారు. వాళ్లకు ఒక మాట ముందే చెప్పి పంపడం మంచిది. బ్రిటన్‌లో, మన దేశంలో 'రబ్బర్' అంటే చెరిపే ముక్క. అమెరికా వాడుకలో అదే మాటకు కుటుంబ నియంత్రణ తొడుగు అని అర్థం. తరగతిలో పక్కవాళ్లను రబ్బర్ అడిగి ఇబ్బంది పడిన భారతీయ విద్యార్థుల కథలు చాలానే చెప్పుకుంటారు. అక్కడ 'ఎరేజర్' అని అడగాలి. మన దేశంలో ఆ వస్తువుకు ప్రభుత్వం 1968లో 'నిరోధ్' అనే పేరుతో ప్రచారం మొదలుపెట్టింది. మన పెద్దల కాలంలో గోడల మీద ఆ పేరే కనిపించేది. అందువల్ల రబ్బరు మాటకు మన దగ్గర ఆ ఇబ్బంది అంటలేదు.

క్రీడల పేజీలో 'డెడ్ రబ్బర్' అని కనిపిస్తే తికమకపడనక్కర్లేదు. సిరీస్ ఎవరిదో తేలిపోయాక మిగిలిన మ్యాచ్‌ను అలా అంటారు. పేకాటలో బ్రిడ్జి ఆడేవాళ్లు మూడు ఆటల్లో రెండు గెలిస్తే ఒక 'రబ్బర్' అంటారు. ఈ అర్థం ఇంగ్లిష్‌లో 16వ శతాబ్దం చివరినుంచే ఉంది, అంటే ఈ పదార్థం అక్కడికి చేరడానికి చాలా ముందు. కాబట్టి చెట్టుకీ దీనికీ చుట్టరికం లేదు. ఒకే పేరున్న ఇద్దరు వేరు వేరు ఊళ్ల మనుషుల్లాంటివి ఈ రెండూ.

రబ్బరు తోటలకు వెళ్లిన మనవాళ్లు

ఇంతదాకా చెప్పింది మాట ప్రయాణం. ఆ మాట వెంట మనుషులు కూడా వెళ్లారు, వాళ్లలో తెలుగువాళ్లున్నారు.

20వ శతాబ్దం మొదట్లో మోటారు కార్లు పెరిగాయి. టైర్లకు రబ్బరు కావాల్సివచ్చింది. బ్రిటిష్ పాలనలోని మలయాలో అడవులు కొట్టి రబ్బరు తోటలు వేశారు. చెట్టుకు గాటు పెట్టి, కారిన పాలు చిప్పల్లో పట్టి తేవడానికి లక్షల మంది కూలీలు కావాలి. ఎక్కువమంది తమిళ జిల్లాల నుంచి వెళ్లారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి తెలుగువాళ్లు కూడా పడవ ఎక్కారు. అప్పటి విశాఖపట్నం జిల్లా అంటే మన జయపురం సంస్థానం కూడా కలిసి ఉన్న జిల్లా. కోరాపుట్ ప్రత్యేక జిల్లాగా ఒడిశాలో చేరింది 1936 ఏప్రిల్ 1న. రాయగడ అందులోంచి విడిపోయి జిల్లా అయింది 1992 అక్టోబరు 2న. అంటే మలయా తోటలకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలూ, కొండెక్కి రాయగడ, గుణుపురం, జయపురం చేరిన మన కుటుంబాలూ ఒకే నేల నుంచి బయలుదేరినవే. వాళ్లు తూర్పున సముద్రం దాటారు, మనం పడమట కొండ ఎక్కాం.

1938లో భారత ప్రభుత్వం మలయాకు ఇలా కూలీలను పంపడం నిలిపివేసింది. అప్పటికే వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు. రబ్బరు, కొబ్బరి తోటల్లో, తర్వాత ఆయిల్ పామ్ తోటల్లో తరాలు గడిచాయి. తోట బడుల్లో ఎక్కువగా తమిళమే చెప్పేవారు. తెలుగు బడులు కొన్ని నడిచినా క్రమంగా మూతపడ్డాయి. చుట్టూ తమిళం మాట్లాడేవాళ్లే, పెళ్లిసంబంధాలూ కలిశాయి. చాలా ఇళ్లలో పిల్లల నోటికి తెలుగు రాకుండా పోయింది. భాష చేజారుతోందని గుర్తించి 1950లలో సంఘం పెట్టుకున్నారు, తెలుగు తరగతులు నడిపారు. మలేషియా తెలుగు సంఘం ఇప్పటికీ ఆ పని చేస్తోంది. మన ఉగాది వాళ్లకూ ఉగాదే.

వాళ్ల కథలో మనకు పనికొచ్చేది ఒకటుంది. తమిళం నేర్చుకోవడం వల్ల వాళ్ల తెలుగు పోలేదు. ఇంట్లో తెలుగు మానేయడం వల్ల పోయింది. మనం ఒడియా చక్కగా నేర్చుకోవాలి. అది మనకు అన్నం పెట్టే భాష, పొరుగువాళ్ల భాష, మన పిల్లల బడి భాష. దాంతోపాటు తెలుగు ఉండాలంటే ఇంట్లో రోజూ వాడటం ఒక్కటే దారి.

'రబ్బరుతో ఆర్పెయ్'

భాష జారిపోవడం ఎక్కడ మొదలవుతుందో రబ్బరే చూపిస్తుంది. ఒడియాలో పెన్సిలు గీతను చెరపడానికీ, దీపం ఆర్పడానికీ ఒకే క్రియ వాడతారు: లిభాఇబా. "రబరరే లిభాఇ దిఅ" అంటే రబ్బరుతో చెరిపెయ్యి అని. ఒడియా బడికి వెళ్లే మన పిల్లలు ఇంటికొచ్చి దాన్ని తెలుగులోకి తిప్పుకుని "రబ్బరుతో ఆర్పెయ్" అంటే మనకు నవ్వొస్తుంది. తెలుగులో గీతను చెరుపుతాం, నీళ్లను తుడుస్తాం, మంటను ఆర్పుతాం. దేవుడి ముందు దీపాన్ని ఆర్పడం అన్న మాటే పెద్దలు నోట రానివ్వరు, 'ఘనం చేయి' అంటారు. దానంతటది ఆరిపోతే 'కొండెక్కింది' అంటారు. మూడు నాలుగు క్రియలున్నచోట పిల్లాడికి ఒక్కటే మిగిలింది.

గమనించండి, ఇక్కడ రబ్బరుకు ఏమీ కాలేదు. పరాయి మాట భద్రంగానే ఉంది. జారింది చెరపడం, తుడవడం అనే మన సొంత మాటలు. ఇంగ్లిష్ మాటలు కలిసిపోతున్నాయని మనం తరచూ బాధపడతాం. నామవాచకాలు వస్తూనే ఉంటాయి, వాటికి ఉకారం తగిలించి, ఒత్తు పెట్టి, రబ్బర్లు, రబ్బరుకు, రబ్బరుతో అని మన విభక్తులు తొడిగినంతకాలం అవి మన ఇంటివే. క్రియలు పోయినప్పుడు వాక్యం పోతుంది. వాక్యం పోతే ఆ భాషలో పిల్లాడు అలగలేడు, వాదించలేడు, నాయనమ్మతో ముచ్చట పెట్టలేడు.

దీనికి పెద్ద సభలు అక్కర్లేదు. పిల్లాడు 'ఆర్పెయ్' అన్నప్పుడు వెక్కిరించకుండా "చెరిపెయ్యి నాన్నా" అని ఆ మాటను మళ్లీ అందిస్తే చాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే పిల్లలతో కూర్చుని రబ్బరు అన్న మాట వచ్చే వస్తువులన్నీ చెప్పించండి. ఎవరింట్లో ఎన్ని తేలతాయో చూడండి. పది దాటకుండా ఉండవు. లబ్బరు అన్న నాయనమ్మ మాటను కూడా ఆ పట్టీలో చేర్చండి.

తెలుగు లిపి రాని పిల్లలకు మొదటి మాటగా 'రబ్బరు' రాయించి చూడమని మా సలహా. అందులో మొదటిది గుణింతం తగలని ర. రెండోది ఒత్తు పెట్టిన బ్బ. మూడోది కొమ్ము తగిలించిన రు. ఒట్టి అక్షరం, ఒత్తు, గుణింతం, మూడూ ఒకే మాటలో వస్తాయి. తప్పు రాస్తే చెరపడానికి కావాల్సిన వస్తువు కూడా చేతిలోనే ఉంటుంది.